ఆరో రోజు అందుకున్న సెల్ఫ్

తాళం తిప్పగానే బండి స్టార్టయింది. నాకు భయం వేసింది.

మామూలుగానైతే సంతోషించాల్సిన సంగతి. పాత డీజిల్ పికప్, ఆరు రోజులుగా చంద్లాపూర్ రిజర్వాయర్ కట్ట మీద ఎండకూ మంచుకూ నిలబడే ఉంది. దాన్ని స్టేషనుకు తరలించాలని హోంగార్డు వెంకటేశ్ జేబులోంచి తాళం తీసి నా చేతికిచ్చాడు. సెల్ఫ్ మోటారు ‘టక్’మని ఊరుకుంటుంది, నలుగురం కలిసి తొయ్యాలి అనుకున్నాం. నీళ్ళలో వెతికి వెతికి అలసిపోయిన గజ ఈతగాళ్ళు ఇద్దరు ఆ పని కోసమే ఆగారు కూడా. తీరా చూస్తే తాళం పూర్తిగా తిప్పకముందే ఇంజను అందుకుని గుడగుడమంది.

“మీ చేతి మహిమ మేడం,” అన్నాడు నరేశ్. “ఇగ తీస్కపోదాం పట్టున్రి. నేను హైదరాబాద్ పోయేది ఉన్నది.”

నేను ఇంజను ఆపేశాను.

“ఎందుకు ఆపిన్రు?”

“ఎందుకు స్టార్టయిందో తెల్వక.”

నరేశ్ గజ ఈతగాళ్ళ వైపు చూసి నవ్వాడు. ఆడమనిషి బండి గురించి మాట్లాడితే మగవాళ్ళు పక్కవాడి వైపు చూసి నవ్వే నవ్వు అది. ఇతను హైదరాబాద్ డిటెక్టివ్. కనబడకుండా పోయిన ఈ బండి ఓనరు బాలనర్సయ్య బీమా కంపెనీ తరఫున విచారణకు వచ్చానని మొదటి రోజే అందరికీ కార్డు పంచాడు. ఇవాళ నాకూ ఒకటిచ్చాడు, కార్డు లేని నన్ను జాలిగా చూసి.

నా పేరు భువన. సిద్దిపేటలో డిటెక్టివ్‌ని. డిటెక్టివ్ అన్నానని పెద్ద పెద్ద ఊహలు పెట్టుకోకండి. పెళ్ళికొడుకు తాగుతాడా, దుబాయిలో నిజంగా ఉద్యోగమేనా, ఇంతకుముందు సంబంధం ఎందుకు చెడింది, ఇవి కనుక్కుని చెప్పడం నా వృత్తి. ఊళ్ళో కొన్ని పెళ్ళిళ్ళు నా మాట మీద ఆగాయి, కొన్ని జరిగాయి. జరిగిన వాటిలో ఒక్కదానికీ నన్ను పిలవలేదు. మా బాపుకు ఆటో ఎలక్ట్రికల్ షాపుండేది. బళ్ళ బ్యాటరీలు, డైనమోలు, సెల్ఫ్ మోటార్లు బాగుచేసేవాడు. బడి వదలగానే నా ఆటంతా ఆ షాపులోనే. ఆయన పోయాక షట్టరు దించేసి, పైగదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఆయన మీటరు మాత్రం నా హ్యాండుబ్యాగులోనే తిరుగుతుంది. దువ్వెన మరిచిపోయిన రోజులున్నాయి గానీ మీటరు మరిచిపోయిన రోజు లేదు.

ఈ బండి దుబ్బాక బాలనర్సయ్యది. మగ్గాల మీద నేసిన తువ్వాళ్ళు, చీరలు సిద్దిపేట దుకాణాలకు చేరవేసే మనిషి. తానూ నేతగాడే. నడుము పట్టేశాక మగ్గం భార్య కొండవ్వకు వదిలి స్టీరింగు పట్టుకున్నాడు. మొన్నటి ఎండాకాలంలో ములుగు దగ్గర హైవే మీద ఒక కారు, మోపెడ్ మీద పోతున్న విమలమ్మ అనే ఆమెను గుద్ది చంపి ఆగకుండా వెళ్ళిపోయింది. వెనకాలే వస్తున్న బాలనర్సయ్య కారు నంబరూ చూశాడు, తోలుతున్నవాడి మొహమూ చూశాడు. తోలింది ఒక కంకర క్రషర్ యజమాని. వచ్చే సోమవారం బాలనర్సయ్య కోర్టులో సాక్ష్యం చెప్పాలి. వేరే సాక్షి లేడు. ఇంతలో అతని బండి ఈ కట్ట మీద దొరికింది. తలుపు తెరిచి ఉంది, ఫోను సీటు మీద ఉంది, నీళ్ళ అంచున రాళ్ళ మీద ఒక చెప్పు ఉంది. మనిషి లేడు.

ఈ సాయంత్రంతో వెతకడం ఆపేస్తారు. బండి చెడిపోయింది, మొహం కడుక్కోవడానికి దిగాడు, జారి మునిగాడు అని తేల్చుకుని ఎవరి దారిన వాళ్ళు పోతారు. చనిపోయినవాళ్ళకు చేసినట్టు రేపు పిట్టకు పెట్టాలని బాలనర్సయ్య అన్న ఇప్పటికే చుట్టాలకు ఫోన్లు చేశాడు. కొండవ్వ ఒప్పుకోవడం లేదు. నిన్న నన్ను వెతుక్కుంటూ వచ్చి, “ఉన్నడో లేడో ఒక్క మాట చెప్పు చెల్లె. ఏదైనా తట్టుకుంట. గీ తెల్వకుండ ఉండుడే తట్టుకుంటలేను,” అంది. నా గదిలో చాలామంది ఏడ్చారు. నన్ను చెల్లె అన్నది మాత్రం ఈమే.

ఇప్పుడు ఆమె కట్ట అంచున మైలురాయి పక్కన కూర్చుని నీళ్ళకేసి చూస్తోంది. నిన్న నా దగ్గరికి వచ్చిన కాసేపు తప్ప, ఆరు రోజులుగా అదే చోటు.

“వెంకటేశ్,” అన్నాను, “మొదటి రోజు గీ బండికి తాళం తిప్పింది ఎవరు?”

“నరేశ్ సారే మేడం. నేను పక్కకే ఉన్న.”

“ఏమైంది?”

“టక్కుమన్నది. ఇంకోపారి తిప్పిన్రు. మల్ల టక్కు. అంతే.”

“లైట్లేసి చూసిన్రా?”

“చూసినం. ఎర్రగ, నూనె అయిపోయిన దీపం లెక్క కొట్టుకున్నయి.”

“తాళం తిప్పకముందు కూడ ఎర్రగనే ఉండెనా? తిప్పినంక ఎర్రగైనయా?”

వెంకటేశ్ కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నాడు. “ముందుగాల్నుంచే.”

“లైట్ల రంగుతోటి మనకేం పని మేడం?” అన్నాడు నరేశ్.

“వైరు లూజుంటే లైట్లు మంచిగనే వెలుగుతయి. తాళం తిప్పంగనే ఒక్కసారి పోతయి. మొదట్నుంచే గుడ్డిగున్నయంటే బ్యాటరీల దమ్ము లేనట్టు. మొదటి రోజు బ్యాటరీ నిజంగనే చచ్చి ఉన్నది.”

“నేను చెప్పేది అదే గద! బండి చెడిపోయింది, మనిషి దిగిండు, జారిండు.”

“చచ్చిన బ్యాటరీ ఇయ్యాల ఎట్ల లేచింది?”

నరేశ్ భుజాలు ఎగరేశాడు. “రెస్టు దొరికింది. రిమోట్ సెల్లులు తీసి ఎండకు పెడితే మల్ల పనిచేస్తయి. మా ఇంట్ల గట్లనే చేస్తరు.”

“మా ఇంట్ల కూడ చేస్తరు. గా సెల్లులతోటి టీవీల చానెల్ మారుతది. డీజిల్ ఇంజను తిరగది.”

గజ ఈతగాళ్ళలో ఒకడు కిసుక్కుమన్నాడు. నరేశ్ మొహం కందింది. నాకు, ఉన్న మాట చెబుతాను, హాయిగా అనిపించింది. రోజుల తరబడి నాతో నేనే మాట్లాడుకునే దాన్ని. ఎదురుగా ఒకడు నిలబడి వాదిస్తే, ఆ వాదనలో గెలుస్తుంటే, ఆ రుచి వేరు.

బానెట్ ఎత్తి మీటరు పెట్టాను. పన్నెండు దాటి ఇంకా ముప్పావు వోల్టు చూపించింది. నిండుకుండ లాంటి బ్యాటరీ.

“వెంకటేశ్, తాళం తిప్పి ఇంజను నడువనియ్యి. జరంత రేజ్ చెయ్యి.”

ఇంజను నడుస్తుంటే డైనమో కరెంటు పుట్టించి బ్యాటరీని నింపాలి. మీటరులో అంకె పద్నాలుగు దాకా ఎక్కాలి. ఎక్కలేదు. రేజ్ చేసినకొద్దీ కిందికే జారింది. బెల్టు నొక్కి చూశాను, బిగువుగానే ఉంది. వైరు లాగి చూశాను, ఊడలేదు. డైనమో తిరుగుతోంది, కానీ ఏమీ ఇవ్వడం లేదు.

“అక్కా!” అని కేకేశాను. కొండవ్వ కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. “గీ డైనమో చెడి ఎన్ని రోజులైంది?”

“నెల దాటింది చెల్లె. చేపిస్త చేపిస్త అనుడే. రాత్రి బ్యాటరీ ఇంట్లకు తెచ్చి చార్జింగు పెట్టేటోడు. ఒక్కోనాడు మరిచిపోతే పొద్దుగాల నేను ఎనకకెళ్ళి తోసేది, ఆయన గేరేసి లేపేటోడు. లేచినంక అద్దంల నుంచి చెయ్యి ఊపేటోడు.”

నేను నరేశ్ వైపు తిరిగాను. “విన్నరు గద. బండి తనంతట తాను బ్యాటరీ నింపుకోలేదు. ఆరు రోజుల కింద ఖాళీ. ఇయ్యాల నిండుగ. అంటే ఎవరో బ్యాటరీ ఇప్పుకపోయి, బయట చార్జింగు చేసి, తెచ్చి మల్ల బిగించిన్రు.”

“దొంగలు అయ్యుంటరు.”

“ఇప్పుకపోయినోడు దొంగ. తెచ్చి బిగించినోడు కూడ దొంగనేనా?”

“మేడం, మీరు పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలు చేస్కోండ్రి, మంచిగుంటది. నీళ్ళ అంచుల చెప్పు దొరికింది. దానికేమంటరు?”

“ఒక్క చెప్పు దొరికింది. మొహం కడుక్కునేటోడు రెండు ఇడుస్తడు, లేకపోతే రెండూ ఇడువడు. ఒక్కటే ఊడేది ఉరికేటోనికి.”

నేను బ్యాటరీ మీదికి వంగాను. రెండు టర్మినళ్ళకూ గ్రీజు పట్టించిన నూలు పోగులు చుట్టి, చివర ముడి వేసి ఉన్నాయి. అదురుకు బోల్టులు వదులు కాకుండా, తెల్లటి ఉప్పు పేరుకోకుండా కొందరు అలా చుడతారు. మెకానిక్కులైతే ఇన్సులేషన్ టేపు చుడతారు. గుడ్డపేలిక చుట్టేవాళ్ళున్నారు. నూలు పోగు చుట్టినవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. బానెట్ కింద సమస్తమూ మసిగొట్టుకుని ఉంటే ఆ నూలు మాత్రం గ్రీజు అంటని చోట తెల్లగా, కొత్తగా ఉంది.

“అక్కా, గీ ముడి చూడు.”

కొండవ్వ వంగింది. వేలితో ముడిని తడిమింది. మరోసారి తడిమింది.

“మగ్గం మీద పోగు తెగితే ఏసే ముడి,” అంది. “గిది నాకు రాదు. అంటే, వస్తది గని గిట్ల రాదు. ఆయనది ఎడమ చెయ్యి వాటం. కొస ఎప్పుడు గీ దిక్కుకే వస్తది. పెండ్లయిన కొత్తల నవ్వేదాన్ని.” నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. “చెల్లె, గీ నూలు కొత్తది.”

“అవునక్కా.”

“ఉన్నడు.”

“ఉన్నడు. నిన్న రాత్రి దాక గీ బండి కాడికి వచ్చిండు.”

కొండవ్వ కట్ట మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియదు. నాకూ కళ్ళు చెమర్చాయి. అంతటితో ఊరుకుని ఆమెను లేపి ఇంటికి తీసుకుపోయి ఉంటే ఎంత బాగుండేది.

ఊరుకోలేదు. నరేశ్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. “రాత్రి కాపలా ఉండంగ ఎట్ల వస్తడు మేడం?” అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకపోతే నా ప్రాణం ఆగేలా లేదు.

“వెంకటేశ్, రాత్రి నువ్వు ఈడనే ఉంటున్నవా?”

“ఉంటున్న మేడం. కదులుతలేను.”

“నిన్న రాత్రి వాన పడ్డది గద ఈడ. ఎంతసేపు కొట్టింది?”

“ఆ, ఓ గంట సేపు కొట్టింది మేడం.”

“నిన్న చుక్క కూడ పడలే.”

వెంకటేశ్ తల దించుకున్నాడు. “పొద్దు గూకంగనే ఇంటికి పోతున్న. సార్లకు చెప్పకున్రి. గింత పెద్ద నీళ్ళ పక్కన ఒక్కణ్నే... బుగులైతది మేడం. మాట్లాడెతందుకు ఒక మనిషి లేడు.”

అతన్ని ఏమీ అనబుద్ధి కాలేదు. ఆ బుగులు నాకు తెలుసు. నాది నాలుగు గోడల మధ్య, అంతే తేడా.

“సరే, వచ్చిండు అనుకుందాం,” అన్నాడు నరేశ్. ఈసారి గొంతులో ఎకసెక్కం లేదు, నేను గమనించాల్సింది. “బ్యాటరీ ఎక్కడ చార్జింగ్ చేసిండు? ఊర్లకు పోతే పదిమంది చూస్తరు. ఫోటో అందరి ఫోన్లల్ల ఉన్నది.”

“దూరం పోలేదు. నడుము పట్టేసిన మనిషి. గా బరువు మోస్కొని ఎంత దూరం పోతడు?”

కట్టకు అవతలి పక్క దిగువన మక్కచేలు పరుచుకుని ఉన్నాయి. కంకులు పాలు పోసుకునే అదను. ఎక్కడా కరెంటు స్తంభం లేదు. నా ఆలోచన అక్కడే ఆగింది. వెంకటేశ్ తన తప్పు మరిపించాలని కాబోలు, నా చూపు ఎటు పోతే అటు మాట్లాడుతున్నాడు.

“గా చేను రైతు పొద్దుగాల వచ్చి మొత్తుకున్నడు మేడం. నాలుగైదు రోజుల సంది అడవిపందులు పడి కంకులన్ని నాశనం చేస్తున్నయట. జట్కా మిషన్ పనిచేస్తలేదట.”

నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది.

పందులు రాకుండా చేను చుట్టూ తీగ కడతారు. ఆ తీగకు షాక్ ఇచ్చే పెట్టెనే జట్కా మిషన్ అంటారు. అది నడిచేది బ్యాటరీతో. ఆ బ్యాటరీని పగలంతా నింపేది గుంజకు బిగించిన సోలార్ పలక. బండి బ్యాటరీకీ దానికీ వోల్టేజీ ఒకటే. పలక చిన్నది కాబట్టి బండి బ్యాటరీ నిండడానికి రోజులు పడుతుంది. అన్ని రోజులూ తీగలో కరెంటు ఉండదు. పందులు పడతాయి.

“అగో, గా పలక!” అని చెయ్యి చాచి చూపించాను. చేను నడుమ గుంజ మీద పలక ఎండకు మెరుస్తోంది. దాని పక్కనే మనిషి పడుకునేంత రేకుల గుడిసె. “గా జట్కా మిషన్ వైర్లు తీసి బండి బ్యాటరీకి తగిలించిండు. రోజూ పగలు ఎండకు పెట్టి నింపుకున్నడు. నిన్న రాత్రి తెచ్చి బిగించిండు. బిగించెవరకే తెల్లారింది, మీరంత వచ్చిన్రు, పోలేకపోయిండు. ఇంకో తాళం ఉన్నదా అక్కా?”

“ఆయన మొలతాడుకు ఎప్పుడు ఒకటి ఉంటది,” అంది కొండవ్వ, తల ఎత్తి.

“అయితే ఇయ్యాల రాత్రికి పోదామని చూస్తున్నడు. అప్పటిదాక గా గుడిసెల్నే ఉంటడు. బండి ఆగిపోయిననాడు ఎవరో ఎంటపడ్డరు, ఉరికిండు, చేన్ల దాసుకున్నడు. సోమవారం సాక్ష్యం చెప్పెదాక ఎవరి కండ్ల పడొద్దని చూస్తున్నడు.”

చెప్పడం అయిపోయింది. ఎక్కడా అతుకు కనబడకుండా చెప్పాను. మా బాపు ఉంటే భుజం తట్టేవాడు. నరేశ్ ఏమంటాడా అని చూశాను.

అతను అప్పటికే ఫోను చెవికి పెట్టుకుని తన కారు వైపు నడుస్తున్నాడు. “ఉన్నడు... చేన్ల గుడిసె... మీరు కెనాల్ దిక్కు నుంచి రండ్రి,” అన్నంత వరకే వినబడింది. తరువాత కారు తలుపు పడింది.

బీమా కంపెనీ మనిషికి కావలసింది ఏమిటి? పోయాడనుకున్నవాడు బతికి ఉంటే వాళ్ళకంటే సంతోషించేవాళ్ళు లేరు, కట్టాల్సింది ఉండదు. బీమా విచారణకు వచ్చినవాడు శవం కోసం కాదు, మనిషి కోసం వెతుకుతాడు. ఇతను మొదటి రోజు నుంచీ మునిగిపోయాడు, మునిగిపోయాడు అనే పాట తప్ప ఇంకోటి పాడలేదు. బాలనర్సయ్య చచ్చాడని ఖాయం చేసుకోవడానికి వచ్చాడు. బీమా కంపెనీ పంపలేదు ఇతన్ని, క్రషర్ యజమాని పంపాడు. నేను వాదనలో గెలిచిన మురిపెంలో, సాక్షి ఎక్కడున్నాడో చెయ్యి చాచి మరీ చూపించాను.

“వెంకటేశ్! స్టేషనుకు ఫోన్ కొట్టు! జల్ది!”

నరేశ్ కారు కట్ట దిగింది. సిద్దిపేట రోడ్డు వైపు తిరగలేదు. మక్కచేల మధ్య బండ్లబాటలోకి తిరిగింది.

కొండవ్వకు ఇదేమీ తెలియదు. ఆమె ఆ గుడిసె వైపే చూస్తోంది. “చెల్లె,” అంది మెల్లగా, “గాడికెళ్ళి గీ కట్ట కనబడుతది గద? నేను ఆరు రోజుల సంది గీడనే కూసున్న. మొత్తుకున్న. చూస్తనే ఉన్నడు గద. బండి కాడికి వచ్చిండు. నా కాడికి రాలే.”

ఆమెకు ఏం చెప్పాలి? నీ దగ్గరికి వస్తే నిన్నూ చంపుతారని రాలేదు అక్కా అని చెప్పాలి. చెప్పేంత వ్యవధి లేదు. “అక్కా, గా కార్ల పోతున్నోడు ఆయన కోసమే పోతుండు. చంపుతరు!” అన్నాను.

కొండవ్వ లేచింది. కట్ట అంచుకు పరుగెత్తింది. మొగుణ్ణి ఆయన అనడమే తప్ప, పెళ్ళయిన నాటి నుంచి పేరు పెట్టి పిలవని మనిషి. దుబ్బాకలో ఆ వయసు ఆడవాళ్ళెవరూ పిలవరు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, గొంతు చిరిగిపోయేలా అరిచింది.

“బాలనర్సయ్యా! ఓ బాలనర్సయ్యా! ఉరుకు!”

చేను నడుమ, గుడిసెకు దూరంగా ఒకచోట మక్కలు కదిలాయి. అది చూసింది మేమే కాదు, నరేశ్ కూడా. కారు బాట వదిలి, మక్కలను తొక్కుకుంటూ అటే తిరిగింది.